మిరప కల్లం మీద నలభై నిమిషాలు

మా అన్నయ్య మనవరాలికి రోడ్ల శాఖలో ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టి, "తాతయ్యా, నువ్వు ముప్పై ఏళ్లు పైగా చేశావు గదా, నాకు పనికొచ్చేది ఏదన్నా చెప్పు" అంది. జాగ్రత్తగా ఉండమ్మా, నిజాయితీగా ఉండమ్మా అని నాలుగు మాటలు చెప్పి పంపించాను. ఆ పిల్ల మెట్లు దిగి వెళ్లాక నా మీద నాకే అసహ్యం వేసింది. నిజాయితీ అట! అదీ నా నోటితో!

అందుకే ఇది రాస్తున్నాను. ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి బదిలీ అయిందో రాయను. అవన్నీ సర్వీసు రిజిస్టరులో ఉంటాయి, చెదలు తినకపోతే. ఓవర్సీరుగా నా మొదటి పదేళ్ల గురించి, అందులోనూ ఒక్క రోజు గురించి చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు మిగతాదంతా పుస్తకాల్లో చదువుకోవచ్చు.

రాయి చెప్పేది, మనిషి చెప్పాల్సింది

మాది నరసరావుపేట. పందొమ్మిది వందల యాభైల్లో డిప్లొమా చేతపట్టుకుని గురజాల సెక్షన్‌లో చేరాను. పని ఏమిటంటే గొలుసు పట్టించి రోడ్లు కొలవడం, మైలురాళ్లు పాతించడం, గుంటలకు కంకర పోయించడం. ఎండకు మాడి బొగ్గయ్యాను గానీ, దూరాలన్నీ నోటికొచ్చేశాయి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని మైళ్లో, ఎన్ని ఫర్లాంగులో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఆ మిడిసిపాటు ఇంతా అంతా కాదు.

ఒకసారి వానాకాలంలో ఒక తాసిల్దారుగారు మాచర్ల అవతల ఊరికి ఎంత దూరం అని అడిగారు. పన్నెండు మైళ్లు సార్, గంటలో పోవచ్చు అన్నాను. ఆయన జీపు చంద్రవంక వాగు దగ్గర ఆగిపోయింది. వాగు పొంగి ఉంది. ఆయన తెల్లవార్లూ ఒడ్డున దోమలతో గడిపి, మర్నాడు వచ్చి నన్ను బజారులో నిలబెట్టి దులిపేశారు. నేనేమో, పన్నెండు మైళ్లంటే పన్నెండు మైళ్లేగా, నా తప్పేముంది అని గొణుక్కున్నాను.

మా గ్యాంగు మేస్త్రి ముసలాయన బీడీ ఆర్పేసి అన్నాడు: "బాబూ, మైళ్లు చెప్పటానికి రాయి ఉంది. నువ్వు మనిషివి గదా, పొద్దు చెప్పాల. ఇప్పుడు బయల్దేరితే ఎప్పుడు చేరతాడో అది చెప్పు. మజ్జెలో ఏం అడ్డం ఉందో అది చెప్పు."

సంతకం కూడా రాని మనిషి నాకు చెప్పేదేమిటని నవ్వి ఊరుకున్నాను. నా ఉద్యోగంలో నాకు ఎవరైనా చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. అది అర్థం కావడానికి ఒక మనిషి ప్రాణం ఖర్చయింది.

మా విమానాల మైదానం

తరువాత నన్ను మాచర్ల అవతల, కృష్ణ మీద కడుతున్న పెద్ద ఆనకట్ట పనికి వేశారు. కట్ట చూడటానికి పెద్దపెద్దవాళ్లు వచ్చేవారు. వాళ్లు దుమ్ములో జీపులెక్కి రాలేరు కాబట్టి విమానం దిగడానికి ఒక మైదానం చదును చేయించారు. మైలుకు కాస్త తక్కువ పొడుగు, గ్రావెల్ పోసి రోలరు తిప్పిన నేల, రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్లు, ఒక చివర గాలి ఎటు వీస్తోందో చూపడానికి కర్రకు కట్టిన గుడ్డ సంచి. అంతే. గది లేదు, ఫోను లేదు, వైర్‌లెస్ లేదు. అవన్నీ ఆరు మైళ్ల అవతల ఆఫీసులో ఉండేవి. ఆ మైదానాన్ని చూసుకునే పని ఎవరికీ అక్కర్లేక నా మెడకు చుట్టారు.

విమానాలు ఎక్కువగా బెజవాడ దగ్గరి విమానాశ్రయం నుంచి వచ్చేవి. ఒకసారి వచ్చిన పైలట్‌ను, అక్కడి నుంచి ఇక్కడికి ఎంతసేపు పడుతుందండీ అని అడిగాను. నలభై నిమిషాలు అన్నాడు. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే దూరం తొంభై ఎనిమిది మైళ్లు వచ్చింది. వెంటనే అట్ట ముక్క మీద నా ముత్యాల్లాంటి అక్షరాలతో 'బెజవాడ: 98 మైళ్లు, 40 నిమిషాలు' అని రాసి మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారికి, అంటే మా ఈఈగారికి ఇచ్చాను. ఆయన మురిసిపోయి టేబులు అద్దం కింద పెట్టుకున్నారు. వచ్చిన ప్రతి అతిథికీ అది చూపించేవారు.

పైలట్ చెప్పిన నలభై నిమిషాలు అక్కడ చక్రాలు నేల వదిలినప్పటి నుంచి ఇక్కడ చక్రాలు నేల తాకేదాకా. దానికి ముందూ వెనకా ఏముందో ఆ అట్ట మీద లేదు.

ఇక ఆ మైదానం అసలు సంగతి. పక్క ఊరి రైతులకు మిరప పంట. కోసిన కాయను ఎండబోయడానికి చదునైన గట్టి నేల కావాలి. చేలల్లో కల్లాలు చేసుకునేవారు గానీ, నల్లరేగడి నేల తేమ పీల్చి కాయ మచ్చబడేది. మా మైదానం చూసి వాళ్లకు నోరూరింది. పేరమ్మ అనే పెద్దావిడ నలుగుర్ని వెంటేసుకుని నా దగ్గరకు వచ్చింది.

"ఏమయ్యా ఓవర్సీరూ, నెలకో ఇమానం వచ్చే నేల. మిగతా రోజులు గొడ్లు పేడేసి పోతన్నయ్యి. మమ్మల్ని కాయ పోసుకోనియ్యి. గొడ్డు రాకుండా మేం చూసుకుంటాం, రాయీ రప్పా ఏరతాం. ఇమానం వచ్చిద్దని ముందురోజు చెప్పావంటే తెల్లారేసరికి ఎత్తేస్తాం."

కాపలాకు ఒక మనిషిని ఇమ్మని నేను మూడుసార్లు రాసినా ఆఫీసు ఇవ్వలేదు. గేదెల్ని తోలలేక నేనే కర్ర పట్టుకుని పరుగెత్తేవాణ్ని. పేరమ్మ చెప్పింది బంగారంలాంటి ఏర్పాటు అనిపించింది. సరే అన్నాను. కాయితం లేదు, పైవాళ్లకు చెప్పిందీ లేదు. రెండేళ్లు ఏ లోటూ రాలేదు. విమానం వస్తుందంటే ముందురోజే కబురొచ్చేది, నేను సైకిలు మీద వెళ్లి చెప్పేవాణ్ని, పొద్దున్నకల్లా మైదానం అద్దంలా ఉండేది. ఏడాదికి ఒక గంప కాయ మా ఇంటికి వచ్చేది. మా ఆవిడ కారం కొట్టించేది. ఇది లంచమా అంటే అప్పుడు కాదనేవాణ్ని.

ఆ రోజు

మాఘమాసం చివర. ఒక పెద్ద అతిథి వస్తున్నాడని రెండు రోజుల ముందే కాయ ఎత్తించాను. ఆయన రాక ఒక రోజు వాయిదా పడింది. కుప్పల్లో కాయ ఉడికి వాసన మొదలైంది. పేరమ్మ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మూడోనాడు పొద్దున విమానం వచ్చింది. ఆయన కట్ట చూసి తొమ్మిదింటికల్లా అదే విమానంలో బెజవాడ వెళ్లిపోయాడు. విమానం మబ్బుల్లో కలవకముందే ముప్పై ఇళ్లవాళ్లు గంపలతో మైదానం మీద పడ్డారు. పదింటికి ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రగా పరిచేసి, కొత్త కోతకు చేలల్లోకి వెళ్లిపోయారు. కాపలాకు పేరమ్మ, మరో నలుగురు ముసలివాళ్లు మిగిలారు. ఇక నెల దాకా విమానం లేదు గదా అని నేనూ నిశ్చింతగా ఆఫీసుకు పోయాను.

పదకొండింటికి రాతి పని దగ్గర బండ జారి దేవదానం అనే అతని మీద పడింది. ఈపూరు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, రాళ్లకు బెజ్జాలు వేసే పని. భార్య సువార్తమ్మ కూడా అక్కడే తట్టలు మోసేది. మా ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, కడుపు లోపల నెత్తురు కారుతోంది, సాయంత్రం లోపల గుంటూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉండాలి, ఆలస్యమైతే దక్కడు అని చెప్పింది.

వ్యాను డ్రైవరు మస్తాను ఇంజను ఆపకుండానే ఈఈగారి గదిలోకి వచ్చాడు. పిడుగురాళ్ల మనిషి, ఆ రోడ్డు అతని అరచేతిలో ఉండేది. "సార్, ఇప్పుడు పదకొండున్నర. నన్ను వదలండి. ఎంత మెల్లగా పోయినా నాలుగున్నరకల్లా గుంటూర్లో దించుతా" అన్నాడు.

ఈఈగారు అద్దం కింద నా అట్ట వైపు చూశారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ఇక్కడే చెప్పాలి. మనిషిని బతికించాలనే చూశారు. "పొద్దున వెళ్లిన విమానం బెజవాడలోనే ఉంది. నలభై నిమిషాల్లో ఇక్కడికి, మరో నలభై నిమిషాల్లో అక్కడికి. అక్కడ కారు పెట్టిస్తే రెండున్నర, మూడింటికల్లా గుంటూరు. ఈ గతుకుల్లో ఐదు గంటలు ఎందుకయ్యా?" అన్నారు. వైర్‌లెస్‌లో మాట్లాడించారు. పైలట్ ఒప్పుకున్నాడు. అప్పుడు ఈఈగారు నా వైపు తిరిగి అడిగారు:

"మైదానం ఖాళీగా ఉందా?"

నలుగురూ నన్నే చూస్తున్నారు. నా కళ్ల ముందు మైలు పొడుగునా ఎర్రటి కాయ. చెబితే, ఎవరు పోయమన్నారు అంటారు. రెండేళ్లుగా పోస్తున్నారని తెలుస్తుంది. ఉద్యోగం పోతుంది. పెళ్లయి మూడేళ్లు, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి. ఇంకో లెక్క కూడా వేశాను. పైలట్ బయల్దేరేసరికి ఎంతలేదన్నా అరగంట, పైన నలభై నిమిషాలు, ఈలోపల ఎత్తించెయ్యనా అని.

"ఉంది సార్" అన్నాను.

రెండు మాటలు. అంతకంటే పెద్ద పని నేను ఆ ఉద్యోగంలో ఇంకేదీ చెయ్యలేదు.

కాయ ఎత్తడం

జీపు వేసుకుని పడీ పడీ వెళ్లాను. పేరమ్మకు చెబితే గుండెలు బాదుకుంది. "ఇప్పుడా! మనుషులేరయ్యా? అందరూ చేలల్లో ఉంటే!" జీపును చేలమ్మట తిప్పి దొరికినవాళ్లను ఎక్కించుకొచ్చాను. చేటలు, గంపలు, గోనెసంచులు, చెక్క పలకలు, ఏది దొరికితే దానితో నెట్టారు, ఎత్తారు, పోశారు. ఎండిన కాయ పగిలి గింజలు లేచి, అందరికీ ఒకటే దగ్గు. కళ్లలో నీళ్లు, చేతులు మంట. నేనూ ఒంగి రెండు చేతులతో ఎత్తాను.

ఈలోపల మస్తాను వ్యాను తెచ్చి మైదానం అంచున పెట్టాడు. లోపల దేవదానం, పక్కన డాక్టరమ్మ. అతను నీళ్లు, నీళ్లు అంటున్నాడు. ఆపరేషన్ ఉంది, ఇవ్వకూడదని డాక్టరమ్మ తడిగుడ్డతో పెదాలు తుడుస్తోంది. సువార్తమ్మ వ్యాను దిగి చూసింది. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. చీర కొంగు దోపుకుని మాతోపాటు కాయ ఎత్తడం మొదలుపెట్టింది. కొంగు నిండా పోసుకుని పరుగెత్తి గట్టున పారబోసి మళ్లీ వచ్చేది. ఎవరి కాయో, ఎవరి నేలో ఆమెకు తెలియదు. విమానం దిగాలి, అదే తెలుసు.

ఒంటిగంటకు విమానం చప్పుడు వినపడింది. అప్పటికి సగం కూడా కాలేదు. విమానం మా తలల మీదుగా ఒక చుట్టు తిరిగింది. "దించవయ్యా, దించు!" అని పేరమ్మ ఆకాశం వైపు చేతులు ఊపింది. పైలట్‌కు కనిపించింది ఏమిటి? కింద మనుషులు, గంపలు, ఎర్రగా అర మైలు. రెండో చుట్టు తిరిగి తూర్పుకు మళ్లాడు. సువార్తమ్మ కొంగులో కాయతో అలాగే నిలబడి, చప్పుడు వినపడినంతసేపూ ఆ వైపే చూసింది.

వెంటనే బయల్దేరాల్సింది. మస్తాను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఈఈగారు మనిషిని పంపారు, పైలట్‌తో మళ్లీ మాట్లాడుతున్నాం, ఉండమని. ఉన్నాం. కాయంతా ఎత్తేశాం. మైదానం అద్దంలా అయింది. ఇక ఈరోజు రాలేనన్నాడని రెండున్నరకు కబురొచ్చింది. అప్పుడు కదిలింది వ్యాను. నేనూ ఎక్కాను.

మాచర్ల దాటాం. గురజాల దాటేటప్పుడు దేవదానం మాట ఆగిపోయింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటుతుండగా డాక్టరమ్మ, "బండి ఆపు మస్తాన్" అంది. మస్తాను ఆపాడు. ఇంజను కట్టేశాడు. సువార్తమ్మ ఏడుపు విని బట్టీల దగ్గర పనిచేసే ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. సమయం ఐదు. మస్తాను దిగి, నా దగ్గరకు వచ్చి, మెల్లగా అన్నాడు: "పదకొండున్నరకు వదిలుంటే అరగంట కిందటే గుంటూర్లో ఉండేవాళ్లం సార్."

ఆపరేషన్ జరిగితే బతికేవాడా అని డాక్టరమ్మను తరువాత అడిగాను. "చెప్పలేను. బతికే వీలు మాత్రం ఉండేది" అంది. ఆ మాటతో ముప్పై ఏళ్లు పైగా కాపురం చేశాను.

కాయితాలు

మర్నాడు మాచర్ల నుంచి పోలీసులు వచ్చి పేరమ్మ కొడుకునీ మరో ఇద్దరినీ పట్టుకుపోయారు. ఎవరి అనుమతితో పోశారని ఈఈగారి ముందు పేరమ్మను అడిగారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"ఎవుర్నీ అడగలేదయ్యా. చదునుగా ఉందని మేమే పోశాం" అంది. నా వైపు కన్నెత్తి చూడలేదు. నన్ను కాపాడటానికి అలా అందో, నా మొహం చూడటానికి ఆమెకే రోత పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ముగ్గురూ నాలుగు రోజులు స్టేషన్‌లో ఉన్నారు. దెబ్బలు తిన్నారు. నేను వెళ్లి నిజం చెప్పలేదు.

ఈఈగారికి మాత్రం అంతా అర్థమైంది. తలుపు వేసి నాతో అన్నారు: "నువ్వు ఖాళీగా ఉందన్నావు, నేను నమ్మాను. ఇద్దరం మునుగుతాం. ఆ ముగ్గుర్నీ కేసు లేకుండా వదిలేయమంటాను, గాలి ఎక్కువై విమానం దిగలేదని ఫైలు మూసేద్దాం. ఆ మనిషి భార్య వాంగ్మూలం కావాలి. నువ్వే తీసుకో." ఇలాంటి పై అధికారి మీకూ దొరుకుతాడు. మిమ్మల్ని కాపాడతాడు. అంతకంటే ప్రమాదం లేదు.

పది రోజుల తరువాత సువార్తమ్మ వచ్చింది. వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. ఆమె కింద కూర్చుంది. వాంగ్మూలం ఇస్తే కట్ట మీద నీళ్లు మోసే పని పర్మినెంటు చేస్తామని అప్పటికే చెప్పారు. చదువు రాదు.

"చెప్పమ్మా, రాసుకుంటాను" అన్నాను.

"ఏముంది సార్ చెప్పటానికి. మస్తానన్న అప్పుడే పోదామన్నాడు, ఆపారు. ఇమానం వచ్చిద్దన్నారు. ఆడ మిరపకాయలున్నయ్యి. అందరం ఎత్తాం. పొద్దు చాల్లా. అది రెండు చుట్లు తిరిగి పొయ్యింది. అంతే గదా సార్ జరిగింది."

నేను రాశాను. గాలి ఎక్కువగా ఉన్నందున విమానం దిగలేకపోయినదనీ, నా భర్తకు చేయవలసిన సాయమంతా చేశారనీ, నాకు ఎవరిపైనా ఫిర్యాదు లేదనీ రాశాను. అప్పుడు ఆమె, "ఒకసారి చదవండి సార్" అంది.

చదివాను. కాయితం మీద కళ్లు పెట్టి, ఆమె చెప్పిన మాటల్నే, మస్తాను పేరుతో సహా, మిరపకాయలతో సహా, వరుసగా చదివాను. గొంతు తడబడలేదు. ఇప్పుడు తలచుకుంటే దానికే ఎక్కువ భయమేస్తుంది.

ఆమె తృప్తిగా తల ఊపి, వేలికి సిరా పూయించుకుని ముద్ర వేసింది. లేచి వెళ్లబోతూ ఆగింది.

"ఒక మాట సార్. అంతమంది దొరల్లో ఆ రోజు మాతో పాటు ఒంగి కాయ ఎత్తింది మీరొక్కరే. మీ చేతులు బొబ్బలెక్కటం నేను చూశా. ప్రార్థన చేసుకునేటప్పుడల్లా మీ పేరు కూడా చెప్పుకుంటన్నా."

నేను ఆ కాయితాన్ని ఫైల్లో పెట్టి తాడు కట్టాను. తల కూడా ఎత్తలేదు. ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

రెండేళ్లు నీళ్లు మోసి, తరువాత ఈపూరు వెళ్లిపోయిందని విన్నాను. వినుకొండ వైపు డ్యూటీ పడినప్పుడల్లా ఈపూరు రోడ్డు తప్పించి చుట్టు తిరిగి పోయేవాణ్ని. ఆ చుట్టు ఎన్ని మైళ్లో కూడా నాకు తెలుసు.

సువార్తమ్మ ఉంటే నాకంటే ఒకటి రెండేళ్లు చిన్నదై ఉంటుంది. ఆమె దగ్గరకు పోయి నిలబడే ధైర్యం ఈ వయసులోనూ నాకు లేదు. ఈపూరు వాళ్లెవరి చేతిలోనైనా ఇది పడితే, ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపించండి. కాయితంలో ఏముందో అదే చదవండి.